పీపాలకు చెప్పాల్సిన మాట

ఎనిమిదో పీపా కూడా పోయింది.

ఒటీలియా పీపా పైనున్న బిరడా తీసి, గాజు గొట్టం లోపలికి దించి, పై కొస నోట పెట్టుకుని పీల్చింది. వైన్ గొట్టం నడుమనున్న బుడ్డలోకి ఎక్కగానే కొసను బొటనవేలితో మూసి, పైకి తీసి గ్లాసులోకి వదిలింది. కొవ్వొత్తికి అడ్డంగా పట్టి చూస్తే రంగు బాగానే ఉంది. ముక్కు దగ్గరకు తెచ్చుకోగానే సంగతి తెలిసిపోయింది. అయినా మనసు ఒప్పుకోక నాలుక మీద వేసుకుని, వెంటనే మట్టినేల మీద ఉమ్మేసింది. శుద్ధ పులుపు. పోయిన నెలలో ఏడోది, ఇప్పుడు ఎనిమిదోది.

బిరడా బిగించి, పీపా వీపు తడిగుడ్డతో తుడిచింది. పోయిన సరుకుకు ఈ తుడుపెందుకని ఎవరైనా అడగవచ్చు. చేతులకు అలవాటు, అంతే. తర్వాత రోజూ చేసినట్టే మెట్ల దగ్గరి మొదటి పీపా మీద అరచెయ్యి ఆనించి చెప్పింది.

"ఈవేళా ఉత్తరం రాలేదు. వస్తాడులే. తీగలు కత్తిరించే వేళకి వచ్చేస్తాడు."

ఐదేళ్ళుగా ఈ మాట చెబుతోంది. మొదట్లో సిగ్గుగా ఉండేది. ఇంట్లో యుద్ధానికి వెళ్ళిన సెవెరిన్ పేరు ఎత్తితే అత్తగారు వాల్‌బుర్గా లేచి అవతలికి వెళ్ళిపోయేది. మొగుడి గురించి మాట్లాడుకోవడానికి ఒటీలియాకు మిగిలింది ఈ పీపాలే. వాటిని కడిగిందీ, పేర్చిందీ అతను. కాబట్టి అతని సంగతి వాటికి చెప్పడంలో తప్పులేదనిపించేది.

ఇరవైమూడు మెట్లెక్కి, నేలమాళిగలు వరసగా ఉండే వీధిలోకి వచ్చేసరికి ఎదుటి నేలమాళిగ వాకిట్లో పీపాలు కట్టే లాంబెర్ట్ ఇనుప కట్టు ఒకటి మోకాళ్ళ మధ్య పెట్టుకుని సాగగొడుతున్నాడు. ఊరి పీపాలన్నిటికీ ఆయన చెయ్యి తగలాల్సిందే. క్రిస్మస్ మర్నాడు పని చేయకూడదంటారు గానీ లాంబెర్ట్‌కు చెప్పగలవాళ్ళెవరు?

"ఎనిమిదోదేనా?" అన్నాడు తల ఎత్తకుండానే.

"మీకెలా తెలుసు మామా?"

"మెట్లెక్కే అడుగుల్లో తెలీదూ. ఇప్పటికైనా వాటికి చెప్పెయ్యమ్మాయ్. చెప్పకపోతే యజమాని కోసం చూస్తూనే ఉంటాయి. చూసి చూసి వాటిలో వైన్ విరిగిపోతుంది."

పీపాల్లో పొగ వెయ్యడానికి నాలుగేళ్ళుగా చిటికెడు గంధకం దొరకలేదనీ, ఉన్నదంతా తుపాకిమందుకు పోయిందనీ, వైన్ విరగడానికి ఆ కారణం చాలనీ ఒటీలియా విసురుగా అంది. లాంబెర్ట్ అంతా విన్నాడు. తన పీపాలకూ ఈ వీధిలో ఎవరి పీపాలకూ గంధకం దొరకలేదనీ, అవేవీ విరగలేదనీ మెల్లగా చెప్పాడు.

మా వైపు ఇంటి యజమాని పోతే ముందు కబురు చెప్పాల్సింది చుట్టాలకు కాదు, పీపాలకు. చావు గంట మోగుతుండగానే ఒకరు కిందికి దిగుతారు. ఒక్కో పీపా ముఖం మీద కొయ్యసుత్తితో మూడుసార్లు కొట్టి, మీ యజమాని పోయాడు, ఇకనుంచి మీ యజమాని ఫలానా అని చెబుతారు. ఆ తర్వాత పీపా దొర్లకుండా కింద పెట్టిన చెక్కను బొటనవేలంత లోపలికి జరుపుతారు. ఆ కదలికకు వైన్ మేలుకుని మాట వింటుందని నమ్మకం. అక్కడ ఎవరి పేరు చెబితే నేలమాళిగ వాళ్ళది. కోర్టు కాగితాలు తర్వాత ఆ పేరు వెంటే నడుస్తాయి. సెవెరిన్ విషయంలో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. అతను పోయాడని ఎవరూ చెప్పలేదు. తప్పిపోయాడని సైన్యం నుంచి ఒక ముక్క వచ్చింది, అంతే.

మధ్యాహ్నం భోజనానికి మరిది ఇగ్నాజ్ వచ్చాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చి ఏడాదయింది. ఊరి అవతలి కొసన అత్తవారింట్లో ఉంటున్నాడు. అక్కడ బావమరదులు ముగ్గురు, నేలమాళిగ ఒక్కటి. ఇగ్నాజ్‌కు అందులో పీపా కడిగే పని తప్ప రుచి చూసే హక్కు లేదు.

బల్ల మీద ఎప్పట్లాగే నాలుగో కంచం ఉంది. ముగ్గురే మనుషులు. గోడవారన ఉన్న సెవెరిన్ కుర్చీ ముందు కంచమూ, పక్కన కాడ విరిగి అతికించిన గ్లాసూ. వాల్‌బుర్గా రెండు చేతులా కూజా ఎత్తి ముందుగా ఆ గ్లాసు నింపింది. యజమాని గ్లాసు నిండాకే మిగతావాళ్ళకు పొయ్యాలి. యజమాని ఒక గుక్క తాగాక, ఎలా ఉంది అని ఇంటి పెద్దావిడ అడగాలి. ఐదేళ్ళుగా ఆ ప్రశ్న వేయడానికి ఎదుట యజమాని లేడు. భోజనమయ్యాక ఆ గ్లాసును మూలనున్న వినెగర్ జాడీలో ఒంపేసేది ముసలావిడ. ఈ ఐదేళ్ళలో ఆ జాడీ ఎన్నిసార్లు నిండిందో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇగ్నాజ్ ఆ గ్లాసు వైపు చూడకుండా తిన్నాడు. మూతి తుడుచుకుని అసలు విషయానికి వచ్చాడు. రేపు సెయింట్ జాన్ పండుగ. చర్చిలో వైన్‌కు దీవెన ఇస్తారు. ఆ దీవించిన వైన్ ఒక్కో చుక్క ప్రతి పీపాలోనూ పొయ్యాలి. యజమాని పోయినట్టు తెలియని పీపాలో దీవెన పోస్తే అదీ వృథానే. కొత్త సంవత్సరం దాటితే వియన్నా నుంచి వర్తకుడు రుచి చూడ్డానికి వస్తాడు. అందుకని రేపు ప్రార్థన అయిపోగానే లాంబెర్ట్‌ను సాక్షిగా పెట్టుకుని తాను పీపాలకు చెప్పేస్తానన్నాడు.

"నా కొడుకు పోయాడని ఎవడు చెబితే వాడే వాణ్ణి చంపినవాడు" అంది వాల్‌బుర్గా.

"అమ్మా, నేనూ నీ కొడుకునే. ఎన్నాళ్ళు ఈ గ్లాసు నింపుతావు? ఒక్కో పీపా పోతూంటే చూస్తూ కూర్చుంటావా? వదినా, నువ్వైనా చెప్పు."

ఒటీలియా ఏం చెబుతుంది? ఇగ్నాజ్ చెడ్డవాడు కాడు. అతను పేరు చెప్పుకున్న క్షణం నుంచి తాళం చెవి అతనిది. అప్పుడు ఒటీలియా తన అన్న ఇంటికి వెళ్ళాలి. అక్కడ వదినగారి ఐదుగురు పిల్లలకు స్నానాలు పోయించుకుంటూ బతకాలి. ముప్ఫైరెండేళ్ళ వయసులో, ఐదు కోతలు ఒంటిచేత్తో పిండి నింపిన పీపాలను వదిలేసి పోవాలి. యుద్ధానికి ముందు ఆడది నేలమాళిగలో అడుగు పెడితే వైన్ విరుగుతుందని చెప్పిన మగాళ్ళే, యుద్ధానికి వెళుతూ ఆడాళ్ళను దింపి వెళ్ళారు. ఇప్పుడు తిరిగొచ్చినవాళ్ళు తాళాలు అడుగుతున్నారు.

ఆమె కంచాలు తీసి లోపలికి వెళ్ళిపోయింది. గిన్నెలు తోముతుండగా ఒక నిర్ణయానికి వచ్చింది. చెప్పడమే తప్పకపోతే అది తన నోటితోనే చెప్పాలి. ఇగ్నాజ్ కంటే ముందుగా చెప్పాలి.

ఇంకా వెలుతురుండగానే కొయ్యసుత్తి శాలువా కింద పెట్టుకుని మళ్ళీ వీధి ఎక్కింది. లాంబెర్ట్ వాకిట్లో లేడు. కొవ్వొత్తి వెలిగించి కిందికి దిగింది.

మొదటి పీపా ముందు నిలబడి సుత్తి ఎత్తింది. చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. పొద్దుటే కదా వస్తాడులే అని చెప్పింది. ఇప్పుడు అదే నోటితో పోయాడని ఎలా చెప్పడం? లోపల ఎక్కడో తేమ చుక్క రాలిన చప్పుడు. కొవ్వొత్తి మంట కదలకుండా నిలబడి ఉంది. వరసగా ఉన్న పీపాల గుండ్రటి ముఖాలు తననే చూస్తున్నట్టనిపించింది. ఆమెకు భయమేసింది, ఐదేళ్ళలో ఇక్కడ భయపడటం ఇదే మొదలు.

మాట రాకపోతే ముందు చెక్క జరుపుదాం, ఆ పని చేస్తుంటే మాట అదే వస్తుందనుకుంది. మోకాళ్ళ మీద కూర్చుని కొవ్వొత్తి కిందికి దించింది.

పీపాలను మోసే దుంగల మీద మా నేలమాళిగల నల్ల బూజు దళసరిగా, మెత్తగా పరుచుకుని ఉంటుంది. తాకితే పిల్లి వీపులా ఉంటుంది. చెక్క పక్కన ఆ బూజులో ఒక గాడి కనిపించింది. బొటనవేలంత వెడల్పు. చుట్టూ ఉన్న బూజు వేలి మందాన ఉంటే గాడిలో పలచగా ఉంది. వేలితో గీకితే కింద చెక్క పాత ఆనవాలు. ఎప్పుడో ఈ చెక్క ఇక్కడి నుంచి అక్కడికి జరిగింది. జరిగిన చోట మళ్ళీ బూజు పట్టడానికి ఏళ్ళు పట్టింది.

ఆమె రెండో పీపా దగ్గరకు మోకాళ్ళ మీదే వెళ్ళింది. అక్కడా గాడి ఉంది. మూడో దానికీ, నాలుగో దానికీ, ఐదుకీ, ఆరుకీ కూడా. చెక్కల అంచుల మీద సుత్తి దెబ్బల పల్లాలు వేలికి తగిలాయి. ఏడో పీపా కింద గాడి లేదు. బూజు చెక్క దాకా సమంగా ఉంది. ఎనిమిదికీ తొమ్మిదికీ అంతే.

ఆ చివరి మూడూ పందొమ్మిది వందల పదహారో సంవత్సరం వసంతంలో లాంబెర్ట్ దగ్గర తెచ్చినవి. అంటే అంతకు ముందే ఎవరో ఈ ఆరు పీపాలకూ చెప్పేశారు. ఆ రోజుల్లో తాళం చెవి వాల్‌బుర్గా నడుముకు ఉండేది. మోకాళ్ళు పడిపోయాకే అది కోడలి చేతికి వచ్చింది.

ఒటీలియా నేల మీద అలాగే కూర్చుండిపోయింది. నాలుగేళ్ళుగా రోజూ వస్తాడు వస్తాడని ఈ పీపాలకు చెబుతూ వచ్చింది. అప్పటికే వాటికి తెలుసు. ఆమె మాట్లాడుతుంటే అవన్నీ వింటూ ఊరుకున్నాయి. సుత్తి అక్కడే వదిలేసి పైకి వచ్చేసింది.

ఆ సాయంత్రం ఆమె అత్తగారిని ఏమీ అడగలేదు. బల్ల దగ్గర కూర్చుని చూసింది. వాల్‌బుర్గా కూజా ఎత్తింది. కీళ్ళు వంకరపోయిన వేళ్ళతో, ఒక్క చుక్క ఒలకకుండా, కొడుకు గ్లాసు అంచుదాకా నింపింది. చచ్చిపోయాడని తెలిసిన కొడుక్కి. రొట్టె విరిచి అతని కంచంలో ఒక ముక్క పెట్టింది. ఒటీలియా తన రొట్టె కంచంలోనే వదిలేసింది. ఆరోగ్యం బాగాలేదా అని ముసలావిడ అడిగితే, చలిగా ఉందంది.

మర్నాడు ప్రార్థన అవగానే ఇగ్నాజ్ దీవించిన వైన్ సీసా చంకలో పెట్టుకుని వచ్చాడు. వెంట లాంబెర్ట్. వాల్‌బుర్గా తననూ తీసుకెళ్ళమని పట్టుబట్టింది. తాను బతికుండగా ఆ సుత్తి దెబ్బ పడనివ్వనంది. ద్రాక్ష గంపలు లాగే చేతిబండి మీద కూర్చోబెట్టి తీసుకొచ్చారు. మెట్ల మీద కొడుకే ఎత్తుకుని దింపాడు. నాలుగేళ్ళ తర్వాత ఆవిడ అక్కడ అడుగు పెట్టడం.

ఇగ్నాజ్ టోపీ తీసి, కింద పడి ఉన్న సుత్తి తీసుకుని మొదటి పీపా ముందు నిలబడ్డాడు.

"ఆగు ఇగ్నాజ్" అంది ఒటీలియా. "వాటికి ఎప్పుడో చెప్పేశారు."

కొవ్వొత్తి దుంగ దగ్గర పెట్టి చూపించింది. లాంబెర్ట్ కష్టపడి వంగి, గాడిలో వేలు పెట్టి చూశాడు. ఒక్కో పీపా దగ్గరా అలాగే చూసుకుంటూ ఆరో దాని వరకూ వెళ్ళి, ఏడో దాని దగ్గర ఆగి వెనక్కి వచ్చాడు. ఈ బూజు నాలుగేళ్ళకు తక్కువది కాదన్నాడు. తర్వాత ముగ్గురూ వాల్‌బుర్గా వైపు చూశారు.

ఆవిడ బోర్లించిన గంప మీద కూర్చుని ఉంది. బుకాయిస్తుందేమోనని ఒటీలియా అనుకుంది. ఆవిడ బుకాయించలేదు.

"పదిహేనో ఏడు, కోతల రోజులు" అంది. "ఈ పిల్ల తోటలో ఉంది. కాలు పోయిన సిపాయి ఒకడు కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. నా కొడుకుని వాడే పూడ్చాడట. నది పక్కన. ఆ నది పేరు చెప్పాడు గానీ నాకు నోరు తిరగలేదు. సెవెరిన్ వంకీ కత్తి నా చేతిలో పెట్టి, ఒక గ్లాసు తాగి వెళ్ళిపోయాడు. వైన్ ఏం పాపం చేసిందీ, దానికి చెప్పకపోతే విరిగిపోతుంది కదా అని వచ్చి చెప్పాను."

ఇగ్నాజ్ సుత్తి పట్టుకునే తల్లి వైపు తిరిగాడు. అన్న పోయాడని అతనికీ ఇప్పుడే తెలిసింది.

"యజమాని అని ఎవరి పేరు చెప్పావమ్మా?"

"నీ పేరే చెబుదామని వచ్చాను రా. మొదటి పీపా కొట్టాను. నోట్లోంచి ఒటీలియా అని వచ్చింది. ఎందుకొచ్చిందో నాకు తెలీదు. ఆ పూట ఎండలో కోత కోస్తున్నది అదే. ఒక పీపాకో పేరు, ఇంకో పీపాకో పేరు చెప్పకూడదు కదా. ఆరింటికీ అదే చెప్పాను."

లాంబెర్ట్ గడ్డం గోక్కున్నాడు. పేరు పడిపోయిందనీ, ఆరు పీపాలూ ఒప్పుకున్నట్టే ఉన్నాయనీ, విరిగినవి చూస్తే ఎవరూ చెప్పనివేననీ అన్నాడు. అది నమ్మకమో, గంధకమో, తర్వాత తెచ్చిన పీపాల పాత చెక్క దోషమో ఈ రోజుకీ మా వీధిలో తేలలేదు. అప్పుడు మాత్రం ఎవరూ వాదించలేదు.

ఇగ్నాజ్ సుత్తి వైపు చూశాడు, పీపాల వైపు చూశాడు. పోట్లాడతాడనుకుంటే, సుత్తి పిడి తిప్పి వదిన వైపు చాపాడు.

"ఆ మూడింటికీ నువ్వే చెప్పు వదినా."

ఒటీలియా ఏడో పీపా ముందు నిలబడింది. మూడు దెబ్బలు కొట్టింది. పులిసిపోయిన పీపా కూడా మంచి పీపాలాగే మోగింది.

"మీ యజమాని సెవెరిన్ పోయాడు" అంది. "నాలుగేళ్ళయింది. ఇకనుంచి మీ యజమాని ఒటీలియా."

చెక్క జరిపింది. ఎనిమిదికీ తొమ్మిదికీ అలాగే చెప్పింది. ఇగ్నాజ్ దీవించిన వైన్ సీసా ఆమె చేతికిచ్చి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అతని భుజాలు కదులుతున్నాయి. లాంబెర్ట్ అతని చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళాడు, గాలికి.

అత్తాకోడళ్ళు ఇద్దరే మిగిలారు. ఒటీలియా ఒక్కో పీపాలో దీవెన చుక్కలు పోస్తూ వెళ్ళింది. ఆరో పీపా దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఎగిడియుస్ నన్ను చేసుకుంటానని అడిగినప్పుడు మీరు పక్క గదిలోనే ఉన్నారు కదా, అత్తయ్యా?"

"ఉన్నాను."

"నా మొగుడు బతికే ఉన్నాడని చెప్పి పంపించేశాను. ఆ మాట మీరు విన్నారు."

"విన్నాను."

ఎగిడియుస్ గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. మరుసటి ఏడు వేరే అమ్మాయిని చేసుకున్నాడు. వాళ్ళ పాప ఇప్పుడు చర్చిలో మొదటి వరసలో కూర్చుని పాటకు చప్పట్లు కొడుతుంది. ఈ పొద్దున కూడా కొట్టింది.

"చెబితే వెళ్ళిపోతావని" అంది వాల్‌బుర్గా. "వైన్‌కి చెప్పాను, అది ఎక్కడికీ వెళ్ళదు కాబట్టి. నీకు చెప్పలేకపోయాను. రేపు చెబుదాం, కోతలయ్యాక చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. నువ్వు అటూ ఇటూ తిరుగుతూ ఉంటే ఇంట్లో వాడూ ఉన్నట్టుండేది. నన్ను క్షమించమని అడగను."

"అడక్కండి" అంది ఒటీలియా. కోపంగా సీసా వంచేసరికి దీవించిన వైన్ పీపా మీద ఒలికింది. గుడ్డతో తుడిచింది. ముసలావిడను వీపున ఎత్తుకుని, ఇరవైమూడు మెట్లూ ఒక్కోదాని మీద ఆగుతూ పైకి తెచ్చింది. ఆవిడ బరువు చాలా తక్కువ.

సాయంత్రం బల్ల దగ్గర వాల్‌బుర్గా లంగా మడతలోంచి వంకీ కత్తి తీసి పెట్టింది. సెవెరిన్ తీగలు కత్తిరించే కత్తి. పిడి మీద అతని బొటనవేలు అరగదీసిన గుంట అలాగే ఉంది. ఒటీలియా దాన్ని చాలాసేపు చూసి తన వేలు ఆ గుంటలో పెట్టింది.

ముసలావిడ అలవాటుగా కూజా ఎత్తి, గోడవారనున్న గ్లాసు నింపింది. నింపాక చెయ్యి ఆగిపోయింది. కూజా దించడానికీ రాలేదు, గ్లాసు తియ్యడానికీ రాలేదు.

ఒటీలియా లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి సెవెరిన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. అతికించిన కాడ జాగ్రత్తగా పట్టుకుని గ్లాసు ఎత్తింది. తాగింది. జాడీలోకి ఒంపడానికి చుక్క కూడా మిగల్చకుండా తాగింది.

వాల్‌బుర్గా ఆమెనే చూస్తోంది. పెదవులు రెండుసార్లు కదిలాయి. ఐదేళ్ళుగా ఆ బల్ల దగ్గర ఎవరినీ అడగని ప్రశ్న అడిగింది.

"ఎలా ఉంది?"

"ఆరో పీపాది" అంది ఒటీలియా. "బాగుంది." గ్లాసు కింద పెట్టి, సెవెరిన్ పోయాడన్న కబురు అప్పుడే అందినదానిలా, బల్ల మీద తల వాల్చి ఏడ్చింది.